ఏడు ఫైళ్లలో అసలు బొమ్మ

మా డిపార్ట్‌మెంటులో అటెండరుగా పనిచేసే అన్న ఆ సోమవారం నాకు టీ ఇవ్వలేదు. అందరి బల్లల మీదా గ్లాసులు పెట్టుకుంటూ వచ్చి, నా బల్ల దగ్గర ఆగి, పాత కవరులో చుట్టి తెచ్చిన సీడీ తీసి నా ముందు పెట్టాడు. రెండు రోజుల క్రితం నేను కాపీ రాసి ఇచ్చిన సీడీయే అది.

"దీంట్ల మా అవ్వ లేదు మేడమ్," అన్నాడు.

వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ. నేను తెల్లబోయాను.

"లేకపోవడమేంటన్నా? నేను చూసే ఇచ్చాను కదా. మొదట్లోనే ఉంది, పొలంలో వంగి నాటు వేస్తూ..."

"గంతే ఉన్నది. గట్ల అగుపడి పోయింది. అటెన్క తెల్లదొర, మన సారు ఎదురుబదురు కూసోని ఇంగ్లీషుల మాట్లాడుకునుడే. ఆఖర్దాంక గదే." గొంతు తగ్గించి అడిగాడు. "సారే గట్ల ఇయ్యమన్నడా మీకు?"

అంత సూటిగా అడుగుతాడనుకోలేదు. లేదన్నాను. ఆయన నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పటికి నేను ఆ యూనివర్సిటీలో పరిశోధన మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది. తొంభైల చివరి సంవత్సరాలు. నేను చేరడానికి ముందు, వానాకాలంలో, విదేశం నుంచి ఒక పరిశోధకుడు మా గైడ్ సారు దగ్గరికి వచ్చాడట. నాట్లు వేసే ఆడవాళ్ల పాటల మీద సినిమా తీయాలని ఆయన కోరిక. ఏ ఊరికి వెళ్లాలా అని వాళ్లు మాట్లాడుకుంటుంటే, టీ ఇస్తున్న అటెండరన్న "మా ఊరికి పోదాం సార్, మా అవ్వ మస్తు పాడుతది" అన్నాడట. అలా ఆయనే దగ్గరుండి తీసుకెళ్లాడు. సినిమా పూర్తయ్యాక ఆ విదేశీయుడు సీడీ పంపించాడు. అది సారు సొరుగులో చాలాకాలం ఉంది. అన్న అడిగీ అడిగీ చివరికి ఒక కాపీ ఇప్పించుకోగలిగాడు. కాపీ చేసే పని నాకు వచ్చింది. మా అన్నయ్య ఇంట్లో సీడీ రైటర్ ఉందని సారుకు తెలుసు.

నేను తార్నాకలో అన్నయ్య వాళ్లింట్లో ఉండేదాన్ని. అన్నయ్యది దగ్గర్లోనే ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. కంప్యూటరుకు రైటర్ బిగించుకున్నప్పటి నుంచి ఆదివారం చర్చి నుంచి రాగానే అతని పని సినిమాల సీడీలు కాపీ చేయడమే. రాస్తున్నంతసేపూ ఎవరూ ఆ గదిలో గట్టిగా అడుగు కూడా వేయకూడదు. మధ్యలో చిన్న తడబాటు వచ్చినా సీడీ చెడిపోయేది. వదిన వాటిని పాల గిన్నెల మీద మూతలుగా వాడేది. ఆ పని అన్నయ్య నాకూ నేర్పాడు. సీడీ తెరిస్తే లోపల సినిమా పేరు కనపడదు. అన్ని ఫైళ్లకూ ఒకటే పేరు, చివర అంకె మాత్రం మారుతుంది. ఒకదాంట్లో కంపెనీ గుర్తు ఉంటుంది, ఇంకోదాంట్లో ప్రకటనలుంటాయి, మరొకదాంట్లో అసలు సినిమా. "అన్నిటికన్నా పెద్దదేదో చూడు. అదే సినిమా," అనేవాడు అన్నయ్య. ఆ సూత్రం మాకు ఎప్పుడూ తప్పలేదు.

సారు సీడీ ఇస్తూ ఒక మాట అన్నారు. "సినిమా ఒక్కటే రాసివ్వమ్మా. మిగతావి మన అకడమిక్ విషయాలు, అతనికెందుకు?" అందుకని మొత్తం సీడీ కాకుండా లోపలున్న ఏడు ఫైళ్లలో అన్నిటికన్నా పెద్దది తీసుకున్నాను. తెరిచి చూస్తే పొలం, నీళ్లు, వంగిన నడుములు, నడుమ అటెండరన్న పోలికలతోనే ఒక పెద్దావిడ. ఇదేలే అని ఆపేసి రాశాను. అది సారూ ఆ విదేశీయుడూ కూర్చుని సినిమా గురించి చేసిన చర్చ అనీ, మొదట రుచికి ఒక ముక్క చూపించారనీ అన్న సీడీ తెచ్చి నా ముందు పెట్టేదాకా తెలియదు.

తప్పు ఫైలు రాశాను, సరైంది రాస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. కానీ సీడీ మళ్లీ కావాలని అడిగినప్పుడు సారు ముఖం మారింది.

"మళ్లీ ఎందుకు?"

"పొరపాటున మీ చర్చ రాశాను సార్. అందులో వాళ్లమ్మ కొంచెమే ఉంది."

"కొంచెమైనా ఉంది కదా. దాంతో సరిపెట్టుకోమనరాదూ," అన్నారు. తర్వాత నవ్వి, తాళం తీసి, సీడీ ఇచ్చారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అంతవరకూ ఆయన సొరుగుకు తాళం వేస్తారన్న సంగతే నేను గమనించలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడు ఫైళ్లూ కంప్యూటర్లోకి ఎక్కించుకుని ఒక్కొక్కటీ ఆఖరు దాకా చూడాలని కూర్చున్నాను. మొదటిది ఆ విదేశీయుడి సంస్థ గుర్తు. రెండోది నేను రాసిన చర్చ. అయిదోది ఊరి వీధులు, ఆరోది ఫొటోలు, ఏడోది ఏమీ లేని నల్లటి తెర. మిగిలినవి మూడు, నాలుగు. అవి రెండూ సినిమాలే, ఇంచుమించు ఒకే సైజు. ఒకే సినిమాను రెండుసార్లు ఎందుకు పెట్టారు?

మూడోది చూశాను. నారు పీకడం, పాటలు, నవ్వులు, గట్టు మీద సద్దులు తినడం, ఆ తర్వాత చాలాసేపు వాన. నాలుగోది పెట్టాను. అవే దృశ్యాలు, అదే వరుస. విసుగొచ్చి ముందుకు జరపబోయాను. గట్టు మీద తినడం అయిపోయింది. వాన రావాల్సిన చోట వాన రాలేదు. పెద్దావిడ చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా ఒక పాట ఎత్తుకుంది.

అది నాట్ల పాట కాదు. నెమ్మదిగా, ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నట్టు సాగింది, ఆ యాసలో మాటలు నాకు సరిగా అందలేదు. పక్కనున్న ఆడవాళ్లు గొంతు కలపలేదు, ఒకామె లేచి వెళ్లిపోయింది. పాట సగంలో పెద్దావిడ తలెత్తి కెమెరాను చూసింది. చూసి అరచేయి అడ్డం పెట్టింది. "ఆపుండ్రి, ఆపుండ్రి," అంది. "సార్, వద్దంటున్నది," అని అటెండరన్న గొంతు వినపడింది, మనిషి కనపడలేదు. కెమెరా ఆగలేదు. ఆ అరచేతి దాకా దగ్గరికి వెళ్లి నిలబడింది. కింద ఇంగ్లీషులో 'శోకగీతం' అని పడింది.

భర్త పోయిన దుఃఖమేమో, పరాయివాళ్ల ముందు బయటపడిందని సిగ్గుపడిందేమో అనుకున్నాను. కానీ ఆ లేచి వెళ్లిపోయిన ఆడమనిషి నా కళ్ల ముందు నుంచి పోలేదు. దుఃఖానికి అలా భయపడి పోతారా?

మర్నాడు అన్న వరండాలో కుర్చీలు తుడుస్తుంటే వెళ్లి చెప్పాను. సినిమాలు రెండున్నాయనీ, ఒకదాంట్లో గట్టు మీద పాట ఉందనీ, ఒకదాంట్లో లేదనీ. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు.

"ఉన్నదా మేడమ్? తీసెయ్యలే?"

"అంటే అది తీసేస్తామన్నారా?"

"అన్నరు గద. మన సారే అన్నడు, ఫికర్ చెయ్యకని. మా అవ్వ బొమ్మ జూడనీకి అడుగుతున్నదనుకున్నరా? గా పాట ఉన్నదా లేదా జూడనీకే నా పానం తీస్తున్నది."

కారిడార్ చివర మెట్ల మీద కూర్చుని మిగతాది చెప్పాడు. వాళ్లమ్మ చిన్నప్పుడు ఆమె ఈడు పిల్ల ఒకతి ఊళ్లో పెద్దింట్లో పనికి ఉండేది. ఒక పొద్దున ఆ పెద్దింటివాళ్ల వ్యవసాయ బావిలో తేలింది. కాలు జారిందన్నారు. ఏ కేసూ లేదు. వాళ్లమ్మ ఆ పిల్ల మీద పాట కట్టింది. జారి పడ్డావా, తోస్తే పడ్డావా, ఆ పొద్దు నిన్ను బావికాడికి పిలిచిందెవరు అని అడుగుతుంది పాట. పిలిచినవాడి పేరు కూడా పాటలో ఉంది. ఆ మనిషి ఇంకా ఊళ్లో ఉన్నాడు, ఇప్పుడు ఇంటికి పెద్ద. అటెండరన్న తమ్ముడు కౌలుకు చేసేది ఆయన పొలమే.

"అవ్వ ఎన్నడు ఎవ్వరి ముంగట పాడదు. ఆ దినం పొలంల అందరు మనోళ్లేనని మరిచింది. గిప్పుడు నన్ను నమ్ముతలేదు. 'ఆ దొరను తెచ్చినోడివి నువ్వే గదరా, నువ్వు గూడ కలిసే ఉన్నవ్' అంటున్నది. మీరు వేరేది రాసిచ్చిండ్రు. మిషిన్ కిరాయికి దెచ్చి గది జూసినంక ఇంకింత పక్కా అయింది ఆమెకు, దాస్తున్నరని."

 పెద్దది కదా అని నేను ఎంచుకున్న ఫైలు వాళ్లింట్లో ఇంత పని చేసిందని అనుకోలేదు.

"మేడమ్, ఒక్కటి చెప్పుండ్రి. రెండున్నయంటున్నరు గద. జనాలకు జూపెట్టేది ఏది?"

ఆ సంగతి సైజు చెప్పదు, అంకె చెప్పదు. సాయంత్రం అన్నయ్యను అడిగితే, అతను ఇలా చెప్పాడు. "కంప్యూటర్లో నువ్వు ఫైళ్లు నీ ఇష్టం వచ్చినట్టు తెరుస్తున్నావు. అదే ప్లేయరులో పెట్టావనుకో, మొదట మెనూ వస్తుంది. అందులో సినిమా అని నొక్కితే ఏది మొదలవుతుందో అదే వాళ్లు సినిమా అనుకుంటున్నది. చేసినవాడి మనసు అక్కడ తెలుస్తుంది."

నేను ఒక్కదాన్నే చూసి చెప్తే వాళ్లు నమ్ముతారని నాకు అనిపించలేదు. నమ్మాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. అందుకే తర్వాతి ఆదివారం వాళ్లమ్మను తీసుకుని మా ఇంటికి రమ్మన్నాను. ఆయన బౌద్ధనగర్‌లో ఉండేవాడు, నాట్లయ్యాక ఊరి నుంచి వాళ్లమ్మా అక్కడికే వచ్చింది, అట్టే దూరం కాదు. పెద్దావిడ ఆటో దిగి, ఇల్లంతా ఒకసారి కళ్లతో తిరిగి, గోడ మీద ఏసుప్రభువు పటం దగ్గర కాసేపు ఆగింది. వదిన కుర్చీ వేసింది. కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆంధ్రోళ్లా బిడ్డా?"

"అవునమ్మా. గుంటూరు వైపు."

"మీ సారు కూడ అటోడేనా?"

"కాదమ్మా, ఆయనది ఇక్కడే."

"యాడోడైతే ఏంది," అంది ఆమె. నాతో కాదు, కొడుకుతో.

వదిన ఇచ్చిన మంచినీళ్లు పుచ్చుకుంది గానీ తాగలేదు. నేను ప్లేయరులో సీడీ పెట్టాను. మెనూ వచ్చింది, ఇంగ్లీషులో. మొదటి వరస సినిమా, రెండోది చర్చ, మూడోది ఫొటోలు. సినిమా అన్న వరస ఒక్కటే ఉంది. రెండిట్లో ఏదో ఒకటి దాని వెనుక ఉంది, రెండోది మెనూలోనే లేదు. రిమోట్ మీద ఒకటి నొక్కాను.

గట్టు మీద తినే దృశ్యం దాకా సినిమా సాగింది. పొలంలో తనను చూసుకున్నప్పుడు పెద్దావిడ ముఖంలో కొంచెం కూడా సంతోషం లేదు. అన్న చేతులు రెండూ మోకాళ్ల మధ్య బిగించి కూర్చున్నాడు. వాన రావాలి, వాన రావాలి అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను. తెర మీద ఆమె చేయి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వాన రాలేదు.

పాట మా ఇంటి ముందుగదిలో నిండిపోయింది. ఆ మనిషి పేరు రెండుసార్లు వినపడింది. పెద్దావిడ లేచి, ప్లేయరు ఎక్కడ ఆపాలో తెలియక, తెరకు అరచేయి అడ్డం పెట్టింది.

"బందువెట్టు బిడ్డా. బందువెట్టు."

ఆపాను. ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వు జెప్పినవ్. నీ గొంతు ఇనొచ్చింది. వద్దంటున్నదని నువ్వు జెప్పినవ్." అన్న కళ్లు తుడుచుకున్నాడు. ఇన్ని నెలల్లో ఆమెకు ఆ సీడీ చేసిన మేలు అదొక్కటే. అతను ఆరోజు ఆమె పక్షానే మాట్లాడాడని రుజువైంది.

మర్నాడు సారు గదికి వెళ్లాను. సీడీ తిరిగిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట కొట్టిపారేశారు. "లేదమ్మా, తీసేయమని ఆ రోజే చెప్పాను. తీసేశానని ఆయన నాతో అన్నాడు. మూడోది అందుకే చేశాడు."

"మెనూలో మూడోది లేదు సార్. ప్లేయరులో పెట్టినవాళ్లకు కనపడేది నాలుగోదే."

"నేను చూసినప్పుడు..." అని ఆగిపోయారు.

"మీరు ఏది చూశారు సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను చర్చ చూశాను. నేనెలా మాట్లాడానో చూసుకుందామని. సినిమా సంగతి నాకు తెలిసిందే కదా అని..."

అది నిజమేనా? ఇప్పటికీ నాకు తెలియదు. మనుషులు ముందు తమను తాము చూసుకుంటారన్నది నిజమే. కానీ సొరుగు తాళం, ఆ నవ్వు, 'దాంతో సరిపెట్టుకోమనరాదూ' అన్న మాట. వాటిని పక్కన పెట్టి ఆయన్ను నమ్మడం నావల్ల కాలేదు. అలాగని అబద్ధమాడుతున్నారని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు. ఆయన నా ముందే కంప్యూటరు తెరిచి ఆ విదేశీయుడికి మెయిలు రాశారు, నన్ను చదవమన్నారు. గట్టిగానే రాశారు.

జవాబు త్వరగానే వచ్చింది. చాలా చింతిస్తున్నానని, పాట తీసేసిన సినిమాకు బదులు పొరపాటున పాతదాన్ని మెనూకు కలిపానని, సరిచేసి పంపుతానని. పొరపాటట. నేను పెద్దది సినిమా అనుకున్నట్టే ఆయనా ఏదో అనుకుని ఉండవచ్చు. అయితే ఆ పాటను అంత ప్రేమగా తీసినవాడు, అరచేతి దాకా కెమెరాను తీసుకెళ్లినవాడు, పొరపాటున దాన్ని ఉంచేశాడంటే ఎంత నమ్మాలి?

కొన్నాళ్లకు కొత్త సీడీ వచ్చింది. అందులో నాలుగు ఫైళ్లే ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా చివరి దాకా చూశాను. నల్లటి తెర ఉన్నదాన్ని కూడా ఏదైనా వస్తుందేమోనని చూశాను. పాట లేదు. గట్టు మీద తినడం అయిపోగానే వాన మొదలైంది. ఆ సంగతి చెప్పడానికి, పాత సీడీ ఇచ్చేయడానికి బౌద్ధనగర్ వెళ్లాను. పాతది సారును అడిగినప్పుడు ఈసారి మాట్లాడకుండా ఇచ్చారు.

అది చాలా చిన్న ఇల్లు. ఒకటే గది, పక్కన వంటకు కొంచెం చోటు. నేను సీడీ చేతికిస్తే అన్న దాన్ని రెండు చేతులతో వంచాడు. విరిచేయబోయాడు.

"విరగ్గొట్టకు," అంది వాళ్లమ్మ. "నా తాన ఉండనీ."

"ఇంట్ల ఎందుకవ్వా? ఎవని కంటనన్న పడితే?"

"ఎవడు జూస్తడు? మన తాన మిషిని ఉన్నదా?" ఆమె సీడీని అందుకుని చీరల అడుగున పెట్టింది. పెట్టి నా వైపు తిరిగింది. "ఆ పిల్ల నా ఈడుది బిడ్డా. దానికి అవ్వ లేదు, అయ్య లేడు. దాని పేరు వెట్టి పాడెటోళ్లు ఎవ్వరున్నరు? నేను పోతే గా పాట గూడ పోతది. నలుగుర్ల వద్దన్న గాని, లేకుంట జెయ్యిమన్ననా?"

ఆమెకు ఏమి కావాలో మేమెవరం అడగలేదు. సారు తీసేయమన్నారు, ఆ విదేశీయుడు ఉంచుకున్నాడు, కొడుకు విరిచేయబోయాడు. పాట ఎక్కడ ఉండాలో ఆమె ఒక్కతే నిర్ణయించుకుంది.

లేచి రాబోతుంటే అడిగింది.

"మీ ఇంట్ల గా కంపూటర్ డబ్బాల మిగల్లే గద బిడ్డా?"

"లేదమ్మా. తుడిచేశాను."

నిజంగానే తుడిచేశాను. దానికి ముందురోజే అటెండరన్నను ఇంటికి తీసుకెళ్లి, ఆయన చూస్తుండగానే ఆ నాలుగో ఫైలు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి చూపించాను. "పోయినట్టేనా మేడమ్?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. పోయినట్టే అన్నాను. ఖాళీ తెరను ఆయన కాసేపు అలాగే చూశాడు. లేనిదాన్ని లేదని ఎలా చూపించాలో నాకు తెలియలేదు.

కొడుకు ఆ మాట అప్పటికే చెప్పి ఉంటాడు. అయినా పెద్దావిడ నా నోటి నుంచి వినాలనుకుంది. విన్నాక కూడా నన్నే చూస్తూ నిలబడింది. కోపం లేదు, నిందా లేదు. ఎవరో ఒకరి మాట మీద ఆధారపడాల్సి వచ్చినందుకు ఇష్టం లేని చూపు.

"సరే తియ్యి," అంది చివరికి. "నువ్వంటున్నవ్ గద."